చలిని తరిమే అరుపు

ఫెజ్ పక్కనున్న మా సెఫ్రూ ఊళ్ళో ఏ జబ్బు చేసినా పేరు ఒకటే. చలి. మోకాలు పట్టేసిందా, చలి దూరింది. పెళ్ళయి పిల్లలు కలగలేదా, కడుపులో చలి చేరింది. మెడ తిరగడం లేదా, హమామ్‌లో ఆవిరి స్నానం చేసి తడిజుట్టుతో వచ్చావు, చలి కొట్టింది. మందు కూడా ఒకటే. మళ్ళీ అదే హమామ్‌కు తీసుకుపోయి, వేడి గదిలో రాతినేల మీద బోర్లా పడుకోబెట్టి, వెల్లుల్లి దంచి కలిపిన ఆలివ్ నూనెతో ఎముకలు కీచుమనేదాకా రుద్దడం. నేను ఫెజ్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేస్తాను. పొద్దున్నే ఇరుకు టాక్సీలో పోయి సాయంత్రానికి తిరిగొస్తాను. చలి అనే మాట చెవిన పడితే చాలు, నాకు ఒళ్ళు మండిపోతుంది.

యామ్నా ఆ హమామ్‌లోనే ఒళ్ళు రుద్దే మనిషి. ఉండేది మా సందులో, తమ్ముడు అల్లాల్ ఇంట్లో. చిన్నప్పుడు కొండల్లోని ఊరి నుంచి పనిపిల్లగా వచ్చింది. పెళ్ళయింది. పిల్లలు పుట్టలేదని మొగుడు వదిలేశాడు. ఏడుస్తూ కూర్చోకుండా చేతికి గరుకు గ్లవుజు తొడుక్కుని హమామ్‌లోకి దిగింది. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళను పెళ్ళికి ముందు తోమింది, పురుటి తర్వాత తోమింది, ముసలయ్యాక వీపు మీద చెయ్యి వేసి లేపి కూర్చోబెట్టి తోమింది. ఎవరి ఒంటి మీద ఏ మచ్చ ఉందో వాళ్ళ మొగుళ్ళకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపడే మురికిని చూడలేక నేను మొహం తిప్పుకునేదాన్ని. ఆమెకు మాత్రం నవ్వొచ్చేది.

"ఒంటి మురికికేముందే బతూల్, నీళ్ళు పోస్తే పోతుంది," అనేది నాతో. "నోట్లోంచి ఊడిపడే మురికి చూస్తేనే నాకు అసహ్యం."

అలా అన్న మనిషి తిట్టు అందుకుంటే హమామ్ నీళ్ళు కాచే కొలిమిదాకా వినబడేది. బకెట్టు కోసం కొట్టుకునే ఆడవాళ్ళ మధ్యకు ఆమె వెళ్ళనక్కర్లేదు. ఉన్నచోటునుంచే ఒక్క తిట్టు విసిరితే బకెట్లు వాటంతట అవే వరసలోకి వచ్చేవి.

ఆ శీతాకాలం ఆమెకు దవడ లాగడం మొదలైంది. ఎడమ భుజం మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, తిన్నది వాంతి. ఊళ్ళో డాక్టరు ఒకాయన ఆమెను కుర్చీలో కూర్చోనివ్వకుండానే నరాల బలహీనత అని గోళీలు రాసిచ్చాడు. అదే ఒక మగాడు వెళ్ళి గుండె పట్టుకుని ఉంటే పరిగెత్తుకొచ్చేవాడు. ఆడదానికి నొప్పి అంటే నరాలు, కాకపోతే చలి.

ఆమెతో కలిసి పనిచేసే రఖియా రెండోదే నమ్మింది. పని మధ్యలో యామ్నా గోడకు ఆనుకుని చల్లటి చెమటలు కక్కుతుంటే, "అదిగో, చలి బయటికొస్తోంది! పడుకో వదినా, మొత్తం దింపేస్తా," అని వేడి గదిలో బోర్లా పడేసి, వీపు మీద మోకాలు పెట్టి రుద్దింది. రుద్దుతుండగానే యామ్నా స్పృహ తప్పింది. కొలిమి చూసుకునే అతని భార్య కేకలు పెట్టి అంబులెన్సు పిలిపించబట్టి ప్రాణం ఫెజ్‌దాకా నిలిచింది.

మర్నాడు వార్డులో నేను కనబడగానే యామ్నా నా చెయ్యి పట్టుకుంది.

"బతూల్, నాకేమయిందే? వీళ్ళు ఫ్రెంచిలో గొణుక్కుని పోతున్నారు."

"మీ హమామ్ నీళ్ళ గొట్టంలో సున్నం పేరుకోవడం చూశావుగా?"

"చూడకేం? ఏడాదికోసారి కొలిమివాడు నన్ను తిడుతూ గీకుతాడు, నేనే అందులో పోసినట్టు."

"గుండెకు రక్తం తెచ్చే గొట్టంలో కొవ్వు అలాగే పేరుకుంది. ఆ పెచ్చు పగిలింది. పగిలినచోట రక్తం గడ్డకట్టి దారి మూసేసింది. గుండె కండకి తిండి అందలేదు. నీ దవడ నొప్పి, భుజం బరువు, వాంతులు, అన్నీ గుండె పెట్టిన కేకలే."

"మరి రఖియా చలి అంది?"

"తిండి లేని గుండెని వేడిలో పడేసి ఇంకా పరిగెత్తించింది నీ రఖియా. మణికట్టులోంచి సన్నటి తీగ పంపి, గడ్డ తీసి, గొట్టం మళ్ళీ మూసుకోకుండా చిన్న జాలీ పెట్టారు. అందుకు బతికావు."

యామ్నా తన చేతుల్ని దుప్పటి మీద తిరగేసి చూసుకుంది.

"చలి దించమని నా దగ్గరికీ ఎంతమంది వచ్చారే," అంది. "రుద్ది పంపించా. ఇంటికెళ్ళి పడుకుని లేవలేదని తర్వాత ఎవరో చెప్పేవాళ్ళు. ఆయుష్షు తీరిందనుకున్నా." దుప్పటి తోసేసి, "నన్ను లేపు. నేను హమామ్‌కి పోవాలి. వేడి గదిలోకి కాదులే. ఆ గుమ్మంలో నిలబడి చెప్పాలి," అంది.

నా పని అక్కడే మొదలైంది. ముందు మంచం మీద కూర్చోబెట్టి, మడమలు పైకీ కిందకీ ఆడించమన్నాను. ఊపిరి కడుపు నిండా పీల్చి మెల్లగా వదలడం నేర్పాను. తర్వాత చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించాను, ఇంటికి పంపేముందు మెట్లెక్కించి దింపాను. గుండెకు దెబ్బ తగిలిన మనిషిని మంచానికి అతికిస్తే కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం నిలుస్తుంది, ఉన్న బలం కూడా కారిపోతుంది. కొంచెం కొంచెంగా పని చెబితేనే ఆ కండ మళ్ళీ పని నేర్చుకుంటుంది. ఎంత వేగంగా నడవాలని యామ్నా అడిగింది. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట మధ్యలో తెగితే ఎక్కువైనట్టు అన్నాను.

"మాటలు నాకు రావే. తిట్లు చాలా?"

చాలన్నాను. అప్పటినుంచి అదే మా కొలత. తిట్టు ఒక్క ఊపిరిలో తుదిదాకా వస్తే నడక సరిగ్గా ఉన్నట్టు. మధ్యలో తెగితే ఆగి నిలబడాలి. తిట్టు బదులు పాట వచ్చిందంటే ఒళ్ళు దాచుకుంటున్నట్టు. మొదట్లో పాపం, "నీ మొహం మీద..." దగ్గరే ఆగిపోయేది. ఆ మొహం మీద ఏం పడాలో తెలియక వార్డులో ఆడవాళ్ళంతా ఎదురుచూసేవాళ్ళు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు రోత. ముందుగదిలో మెత్తల మీద మెత్తలు వేసి, పెళ్ళికూతురిలా ఆనించి కూర్చోబెట్టారు. సందంతా చూడ్డానికి వచ్చింది. వచ్చిన ప్రతిదాని చేతిలోనూ, పలకరింపుకు తెచ్చే నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ. గోడ పొడవునా దిమ్మలు నిలబెట్టారు. తలుపులు బిగించి, ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ, పుదీనా టీలో దిమ్మలు పగలగొట్టి కలుపుకుని తాగుతూ, అచ్చం గుండె ఆగిపోయిన వాళ్ళ కథలే ఎంచి ఎంచి చెప్పారు. "మా పిన్నీ ఇలాగే లేచి కూర్చుందమ్మా, మర్నాడే పోయింది," అని ఒకావిడ యామ్నా బుగ్గ నిమిరింది. నాకు ఆ చెయ్యి విరగ్గొట్టాలనిపించింది.

అల్లాల్ భార్య ఫత్తూమా చెడ్డది కాదు. అదే నా ఏడుపు. చెడ్డదైతే తేలిగ్గా తిట్టి పోదును. వదినంటే ప్రాణం. ఆ ప్రేమతోనే ఎండు మాంసాన్ని దాని కొవ్వుతో సహా కరిగించి, గుడ్లు కొట్టి, పైన పాతవెన్న వేసి పళ్ళెంలో పెట్టేది. ఆ వాసన గుమ్మందాకా వచ్చి నా ముక్కు పట్టుకునేది.

"బలం రావద్దూ, లల్లా బతూల్? రక్తమంతా తీగలో పోయిందట కదా!" అనేది, అమ్మగారు అన్నట్టు లల్లా తగిలించి.

"ఆ గొట్టాలు మూసుకున్నదే దీనివల్ల ఫత్తూమా."

"కొవ్వు వేడి చేస్తుంది. వేడికి చలి పోతుంది," అని ఆమె తేల్చేసింది. ఎక్కడ లేచి నడుస్తుందోనని యామ్నా చెప్పులు తీసి అలమరాలో పెట్టి తాళం వేసింది. కాలు నేల మీద పెడితే గుండె జారుతుందట. ఒకటే కలిసొచ్చింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు మాత్రం మానకుండా మింగించింది, ఫ్రెంచి అక్షరాలున్నాయన్న భయంతో.

వీటన్నిటికీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది రఖియా రాక. నూనె వాసనతో వచ్చి, యామ్నా పక్కనే కూర్చుని, చేతులు రెండూ అందరికీ చూపించింది.

"ఈ చేతులేనమ్మా! ఆ రోజు సగం చలి నేను దింపకపోతే డాక్టర్లకు మిగిలేదేంటి? శవమే!"

"నిజం, నిజం," అని చక్కెర నములుతున్న నోళ్ళన్నీ పలికాయి. యామ్నా బతికి ఉండటమే రఖియా చేతికి సాక్ష్యమైపోయింది. ఆ వారం నుంచి గుండె బరువన్నవాళ్ళు, దవడ లాగుతోందన్నవాళ్ళు వరస కట్టి రఖియా దగ్గరకు పోతున్నారు. ఒకప్పుడు మోకాళ్ళ నొప్పికి పోయేవాళ్ళు. ఇప్పుడు చావుకు పోతున్నారు, అదీ ముందు చోటు నాదంటే నాదని తోసుకుంటూ.

యామ్నా ఏదో చెప్పబోయింది. "వదినా, మాట్లాడకు, అలసిపోతావు," అని ఫత్తూమా ఆమె నోట్లో మాంసం ముక్క పెట్టింది.

నేను ఇక ఆగలేదు. అందరి ముందూ నా చెప్పులు విప్పి యామ్నా కాళ్ళకు తొడిగాను.

"లే."

"చంపుతావా మా వదిన్ని!" అని ఫత్తూమా అడ్డుపడింది. అల్లాల్ గుమ్మంలో నిలబడి గడ్డం గోక్కున్నాడు. యామ్నా నోట్లో ముక్కను పళ్ళెంలోకి ఉమ్మేసి, నా భుజం పట్టుకుని లేచింది. నా చెప్పులు ఆమెకు చిన్నవి, మడమలు వెనక్కి వేలాడుతున్నాయి. ఆ రోజు పెరట్లో ఒక చుట్టు తిరిగాం, నేను ఉత్తకాళ్ళతో.

ఆ తర్వాత సందు. సందు తర్వాత ఏటి వంతెన. హమామ్ మాత్రం ఏటవాలు దారికి పైన ఉంది, ఆ ఎత్తు యామ్నాకు లొంగలేదు. సగం దారిలో మంగలి కొట్టు దగ్గర తిట్టు తెగిపోయేది. ఆమెకు కన్నీళ్ళు వచ్చేవి, కోపంతో. అక్కడ ఆగి, ఊపిరి అందాక దిగి వచ్చేవాళ్ళం. చెర్రీ చెట్లు పూతకు వచ్చేసరికి మంగలి కొట్టు దాటి రొట్టెల బట్టీదాకా వెళ్ళగలిగింది.

ఒక శుక్రవారం ఆ బట్టీ దగ్గరే నిలబడి ఉన్నాం. నెత్తిన తువ్వాలు చుట్టుకుని హమామ్ నుంచి దిగి వస్తున్న ఆడమనిషి యామ్నాను చూసి మురిసిపోయింది.

"లల్లా యామ్నా! నీకొచ్చిన చలే మా మీలూదాకీ వచ్చిందమ్మా. అచ్చం నీలాగే, దవడా, భుజమూ, చెమటలూ! రఖియా లోపల దింపుతోంది!"

మీలూదా చెర్రీలు అమ్మే మనిషి. ముగ్గురు ఆడపిల్లల తల్లి. యామ్నా నన్ను తోసింది. "నువ్వు పరిగెత్తు!"

పరిగెడుతూనే అంబులెన్సుకు ఫోను చేశాను. బట్టలతో, చెప్పులతో వేడి గదిలోకి జొరబడ్డాను. ఆవిరిలో మీలూదా బోర్లా పడి ఉంది, మొహం బూడిద రంగు. వీపు మీద రఖియా మోకాలు. చుట్టూ ఆడవాళ్ళు చెంబులతో వేడి నీళ్ళు గుమ్మరిస్తున్నారు.

"వదలండి! అది గుండెపోటు! బయటికి తీసుకురండి!"

"చెప్పులతో వచ్చావేంటి, సిగ్గులేదూ?" అంది ఒకతె.

"నీకేం తెలుసే, కరెంటు తీగలు అంటించేదానివి," అంది రఖియా, రుద్దడం ఆపకుండా. "నా చేతిలో బతికిన యామ్నా ఊరంతా తిరుగుతోంది. నీ చేతిలో ఎవరు బతికారో చెప్పు!"

నేను మీలూదా చెయ్యి పట్టి లాగాను. సబ్బు చేతులతో నన్ను గోడకు నొక్కారు. చదువుకున్న మాటలన్నీ చెప్పాను. గొట్టం అన్నాను, గడ్డ అన్నాను. ఆ ఆవిరిలో నా మాటకు చెంబుడు నీళ్ళ విలువ కూడా లేదు. అంత అసహ్యం నాకు జన్మలో ఎప్పుడూ కలగలేదు. ఆ ఒళ్ళమీద, ఆ నూనె మీద, ఏమీ చేయలేని నా మీద.

అప్పుడు వినబడింది. ముందు దూరంగా, ఏటవాలు దారిలో. తర్వాత దగ్గరగా. ఒక తిట్టు, దాని వెనక ఇంకోటి, ఎక్కడా తెగకుండా, ఊపిరి కోసం ఆగినచోట మాత్రమే ఆగుతూ పైకి వస్తున్నాయి. రొట్టెల బట్టీ దాటి ఆమె ఒక్కతే ఎక్కుతోంది. నా పేషెంటు పరిగెత్తడం లేదు, మాట తెగడం లేదు. ఆ గోడకు నొక్కుకుపోయి ఉండి కూడా నాకు ప్రాణం లేచొచ్చింది.

బట్టలు మార్చుకునే గది గుమ్మంలో నిలబడి యామ్నా అరిచింది. గోపురం కింద ఆ గొంతు మారుమోగింది.

"ఒసే రఖియా, నీ చేతులు పుచ్చిపోను! నన్ను నువ్వు బతికించావటే! నీ మోకాలి కింద నేను చచ్చానే, చచ్చినదాన్ని ఫెజ్‌లో లేపారు! నేను రుద్దినవాళ్ళూ ఇలాగే చచ్చారే, మనిద్దరం హంతకులమే! మీలూదాని బయటికి తెస్తావా, నన్నే ఆ వేడి గదిలోకి రమ్మంటావా? వస్తాను, నా గుండె అక్కడే ఆగిపోతుంది, నా శవాన్ని కూడా నువ్వే తోముకో!"

అంతా ఒక్క ఊపిరి. నీళ్ళు పోసే చప్పుడు ఆగిపోయింది. రఖియా మోకాలు దానంతట అదే లేచింది.

మీలూదాను చల్లటి గదిలోకి మోసుకొచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టాం. నా సంచిలోని ఆస్పిరిన్ నమిలించాను. అంబులెన్సు సమయానికి వచ్చింది. ఆ సాయంత్రానికే ఆమె మణికట్టులోంచీ తీగ వెళ్ళింది, గొట్టం తెరుచుకుంది. మర్నాడు నేనే ఆమె మడమలు ఆడించాను.

ఇక ఊరికి బుద్ధి వచ్చింది అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

వారానికి మీలూదా ఇంటికి వెళ్ళాను. గోడ పొడవునా చక్కెర దిమ్మలు. తలుపులు మూసే ఉన్నాయి. చప్పరిస్తూ ఒకావిడ చెబుతోంది: "యామ్నా అరుపు విన్నావుగా? ఆ అరుపుకి మీలూదా ఒంట్లో చలి దడుచుకుని పారిపోయిందమ్మా! నా కళ్ళతో చూశా, ఆవిరిలోంచి తెల్లగా పోయింది."

నేను గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చి యామ్నాకు చెబితే, ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది.

"నవ్వుతావేంటే! రోతగా లేదూ?"

"రోతే. కానీ రుద్దడానికి పోవడం లేదుగా? అరిపించుకోడానికి వస్తారు. రానీ."

నిజంగానే వచ్చారు. హమామ్‌లో ఆమె ఇప్పుడు ఒళ్ళు రుద్దదు. ముందుగదిలో బల్ల మీద కూర్చుని బట్టలకు కాపలా కాస్తుంది. ఎవరైనా గుండె దగ్గర చెయ్యి వేసుకుని, "లల్లా యామ్నా, కొంచెం అరువమ్మా," అంటే, ముందు గదిలో అటూ ఇటూ నడిపిస్తుంది. మాట తెగిందా, చెమట పట్టిందా, నడక అక్కడే ఆపి కూర్చోబెట్టి చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది: "ఆసుపత్రికి పోవే గాడిదా!" ఆ అరుపు తగిలాక కూడా పోకపోతే మందు పనిచేయదని ఒక నియమం తనే పెట్టింది. నేను ఇరవై ఏళ్ళు మంచిగా చెబితే వినని జనం, ఆ నియమాన్ని మాత్రం తప్పరు. నాకు ఇప్పటికీ అది రోతే.

మొన్న చెర్రీల పండగకు ముందు ఫత్తూమా హమామ్‌కి వచ్చింది. నేను అక్కడే యామ్నా పక్కన కూర్చుని ఉన్నాను. ఆమె మొహం తెల్లగా పాలిపోయి ఉంది, చెయ్యి దవడ మీద.

"వదినా, పొద్దుట్నించీ లాగుతోంది. నన్ను కొంచెం మెల్లిగా అరువు."

యామ్నా ఆమె నుదురు ముట్టుకుంది. చల్లటి చెమట. యామ్నా అరవలేదు. ఆమెను బల్ల మీద తన పక్కకు లాక్కుంది.

"అరవవేంటి వదినా?" ఫత్తూమా బెదిరిపోయింది. "అందరికీ అరుస్తావుగా! నీ చెప్పులు దాచానని కోపమా? అరువమ్మా, అరువు!"

అంబులెన్సు వేరే ఊళ్ళో ఉందన్నారు. నేను రోడ్డు మీద టాక్సీ ఆపాను. ఆస్పిరిన్ నమలమని ఫత్తూమా నోట్లో పెట్టాను. వెనక సీట్లో యామ్నా ఆమెను తన గుండెకు ఆనించుకుని కూర్చుంది. ఊరి చివర గొర్రెల మంద దారికి అడ్డం వచ్చింది. డ్రైవరు తీరిగ్గా సిగరెట్టు వెలిగించబోయాడు.

"ఒరే గాడిద కొడకా! నీ టైర్లు పేలిపోను, నీ గడ్డం గొర్రెలు మెయ్య! నా మరదలు చచ్చిపోతోందిరా, తొక్కు!"

గొర్రెలు చెదిరిపోయాయి. టాక్సీ ముందుకు దూకింది. సమయానికే చేరామని తర్వాత డాక్టర్లు అన్నారు. కానీ ఆ అరుపు వినగానే ఫత్తూమా ఒళ్ళు వదులుగా వాలింది, యామ్నా చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"హమ్మయ్య," అంది. "చలి పోతోంది వదినా."